కన్వర్ట్ చెయ్యకుంట పాత ప్రీమియర్‌ల ఫైళ్లు ఎక్కించే తోవ ఉన్నదా?

పరకాల_మిక్సింగ్
పెళ్లి వీడియోలు కోసి కలిపే చిన్న మిక్సింగ్ షాపు నాది. మెషిన్ 2012ల కట్టించిన, ఐ5 రెండో జనరేషన్, 8 జీబీ ర్యామ్, విండోస్ 7, వీడియోలు కోసేటందుకు అడోబీ ప్రీమియర్ సీఎస్6. గిన్నేండ్లు ఏ కిరికిరి లేదు. కార్డు పెట్టుడు, కెమెరా ఎంటీఎస్ ఫైళ్లు ఎక్కించుడు, కోసుడు, పాటలేసుడు, అయిపాయె. మొన్న హంటర్ రోడ్డు మీద ఫంక్షన్ హాల్ల ఒక లగ్గం తీసినం, మా రెండు కెమెరాలవి సక్కగనే ఉన్నయ్. ఆఖరుకు పెళ్లిపిల్ల తమ్ముడొచ్చి "అన్నా, మావోళ్లు ఫోన్ల తీసినయి గూడ కలుపు" అని పెన్‌డ్రైవ్ చేతుల పెట్టి పోయిండు. అండ్ల ఐఫోన్ ఎంవోవీలు 46, ఆండ్రాయిడ్ ఎంపీ4లు ఇరవై దాక, డ్రోన్‌వి ఆరు, లైవ్ పెట్టిన పిలగాడు ఇచ్చిన ఎంకేవీ ఒకటి, అదొక్కటే మూడున్నర గంటలు.

ఐఫోన్‌వి ఎక్కిస్తే సప్పుడు వస్తుంది, బొమ్మ లేదు. ఎంకేవీ అయితే సపోర్ట్ లేదని మొకం మీదనే చెప్తుంది. ఆండ్రాయిడ్‌వి ఎక్కినయ్ గని అప్పగింతల కాడ పిల్ల ఏడ్పు ఒక దిక్కు, మూతి ఒక దిక్కు. నెట్‌ల దొరికిన కన్వర్టర్ ఒకటి పెట్టి రాత్రంత నడిపిస్తే తెల్లారేసరికి డిస్కు నిండింది, ప్రతి ఫైలు నడుమల ఆ కన్వర్టర్ పేరు అడ్డంగ అచ్చుకొట్టి ఉంది. పెళ్లికొడుకు మొకం మీదికెళ్లి పోతుంది అది. కన్వర్ట్ లేకుంట సీదా ఎక్కే తోవ ఉంటే చెప్పుండ్రి. కొత్త మెషిన్ కొనుమనేటోళ్లు మాత్రం జెర ఆగుండ్రి.

హుజురాబాద్_హెచ్‌డీ
కొత్త మెషిన్ కొను

పరకాల_మిక్సింగ్
అందుకే ముందే రాసిన

నర్సంపేట_రీల్స్
కె లైట్ కోడెక్ ప్యాక్ ఏస్కో అన్నా, నా సిస్టంల ఏ ఫైలు పెట్టినా ఆడుతది

కాజీపేట_జంక్షన్
ఆడుడు వేరు, ఎక్కుడు వేరు తమ్మి. ఆ ప్యాక్‌ల ఉన్న కోడెక్‌లు, అంటే వీడియో విప్పే సామాన్లు, ప్లేయర్ల కోసం, విండోస్ డైరెక్ట్‌షో తోవల పోతయ్. ప్రీమియర్ ఎంపీ4కు ఎంటీఎస్‌కు తన సొంత ఇంపోర్టర్ వాడుకుంటది, ఎంవోవీ అయితే యాపిలోళ్ల క్విక్‌టైమ్ సాఫ్ట్‌వేర్‌ను అడుగుతది. బయట నువ్వు ఎన్ని ప్యాకులు ఏసినా దానికి పట్టింపు లేదు. పైంగ ఉన్నది ఖరాబైతది, నేనొకసారి గట్లనే ఏస్తే అప్పటిదాక మంచిగ నడిచిన ఏవీఐలు తలకిందులు వచ్చినయ్, పంతులు నెత్తి మీద నిలవడ్డడు.

పరకాల, మీడియాఇన్ఫో అని ఫ్రీగ దొరుకుతది, ఏస్కో. ఒక్కో రకంల ఒక్క ఫైలు అండ్ల తెరిచి మూడు ముచ్చట్లు చూసి ఇక్కడ రాయి. వీడియో ఫార్మాట్ ఏంది, ఫ్రేమ్ రేట్ మోడ్ ఏంది (సెకండుకు తీసే బొమ్మల లెక్క ఒకటే తీరుగ ఉంటే కాన్‌స్టంట్, మారుతుంటే వేరియబుల్), ఆడియో ఫార్మాట్ ఏంది. అది చూడకుంట ఎవ్వలు చెప్పినా గుడ్డెద్దు చేన్ల పడ్డట్టే.

టేపు_తాత
కన్వర్ట్ కన్వర్ట్ అని ఏడుస్తున్నరు. పానాసోనిక్ ఎండీ10000 టేపు కెమెరాల కాలంల గంట టేపు ఎక్కాల్నంటే గంటా కూసోవాలె, ఫైర్‌వైర్ వైరు కదిలితే మల్ల మొదటికెళ్లి. గంటకు 13 జీబీ తినేది, డిస్కే 80 జీబీ. పెళ్లి మూడు టేపులు ఎక్కిచ్చేలోపల నా ఛాయ్ ఖాతా నిండేది.

హుజురాబాద్_హెచ్‌డీ
తాతా గా టేపుల ఫ్రేమ్ రేట్ తేడా వచ్చేదా ఎప్పుడన్న?

టేపు_తాత
లేదు బిడ్డా. 25 అంటే 25. టేపు ఇరుక్కుని నమిలేది, గంతే.

పరకాల_మిక్సింగ్
చూసిన అన్నా.
ఐఫోన్: హెచ్‌ఈవీసీ, వేరియబుల్, ఏఏసీ. సైజు 4కే.
ఆండ్రాయిడ్: ఏవీసీ, వేరియబుల్, ఏఏసీ. సైజు 1080. అండ్లనే కింద మినిమమ్ ఒకటి, మాక్సిమమ్ ఒకటి అని రెండు నంబర్లు ఉన్నయ్, చీకట్ల తీసిన దాంట్ల మినిమమ్ 15కు వచ్చింది.
డ్రోన్: ఏవీసీ, కాన్‌స్టంట్, ఆడియో లేదు. అవి ఎక్కినయ్ గని ఆగి ఆగి నడుస్తున్నయ్.
ఎంకేవీ: ఏవీసీ, కాన్‌స్టంట్ 30, ఏఏసీ.

కాజీపేట_జంక్షన్
అగో, నీ పెన్‌డ్రైవ్‌ల ఒక్కటి కాదు మూడు రోగాలున్నయ్, మూడింటికి ఒకటే గోలీ అడుగుతున్నవ్.

ముందుగాల ఎంకేవీ. ఎంకేవీ అనేది టిఫిన్ డబ్బా పేరు. లోపలున్న కూర ఏవీసీ, అంటే హెచ్.264, నీ ఎంటీఎస్‌ల ఉన్నది గూడ గదే కూర. సీఎస్6కు కూర అరుగుతది, డబ్బా మూత తీసుడే రాదు. అందుకని డబ్బా మారిస్తే సాలు, కూర మల్ల వండుడు అవసరం లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ తెచ్చుకో, నల్ల కిటికీ, అంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని కొట్టి, హైఫన్ ఐ, జాగా, ఎంకేవీ ఫైలు పేరు, జాగా, హైఫన్ సి, జాగా, కాపీ, జాగా, కొత్త పేరు చివర్ల డాట్ ఎంపీ4. ఇంగ్లిష్‌ల కొట్టు మల్ల, తెలుగుల కొడితే అది నిన్నే తిడతది. ఫైలు ఒక జాగల కెళ్లి ఇంకో జాగకు కాపీ అయ్యేంత సేపే పడుతది. ఒక్క చుక్క క్వాలిటీ పోదు, ఎందుకంటే బొమ్మను అది ముట్టనే ముట్టది.

ఇంకా అలకగ కావాల్నంటే లైవ్ పెట్టిన పిలగానికి ఫోన్ చెయ్. వాడు లైవ్ పెట్టే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ వాడినట్టుంది, అండ్ల ఫైల్ మెనూలనే రీమక్స్ రికార్డింగ్స్ అని ఉంటది, ఒక్క నొక్కుడు.

నర్సంపేట_రీల్స్
మరి గిది కన్వర్ట్ కాదా

కాజీపేట_జంక్షన్
కాదు

ఎడియస్_యాదన్న
పేరు ఏదన్న పెట్టుకో, కొత్త ఫైలు తయారైతుంది గద, డిస్కుల జాగ తింటది గద. ఆయన అడిగింది సీదా ఎక్కే తోవ.

కాజీపేట_జంక్షన్
జాగ తింటది నిజమే. అయినంక ఎంకేవీని తీసెయ్యి, లెక్క సమానం. యాదన్నా, ఎడియస్ సాఫ్ట్‌వేర్ వాడేటోనివి, నీకు మా ప్రీమియరోళ్ల మీద ఎప్పటికెళ్లో పగ ఉన్నట్టుంది.

ఎడియస్_యాదన్న
పగ లేదు జాలి ఉన్నది

జమ్మికుంట_పాతబొమ్మ
డబ్బా ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న, కొన్నిటికి డబ్బా గూడ మార్చే పని లేదు, మూత మీద పేరు గీకి మల్ల రాస్తే సాలు. పాత జేవీసీ కెమెరాలల్ల .మోడ్ అని ఫైళ్లు వచ్చేటియి యాదికున్నయా, అవి లోపల ఎంపెగ్2, పేరు చివర .ఎంపీజీ అని మారిస్తే ఎక్కుతయ్. వైడ్‌స్క్రీన్‌ల తీసిందయితే బొమ్మ ఇరుకుగ కనపడ్తది, క్లిప్ మీద రైట్ క్లిక్ కొట్టి ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌ల పిక్సెల్ ఆస్పెక్ట్ మార్చుకోవాలె. డీవీడీల వీవోబీలు గూడ ఎక్కువ మట్టుకు గట్లనే పోతయ్. వీసీడీల .డాట్ ఫైలు అయితే సగం సార్లు పోతది సగం సార్లు పోదు. మా దిక్కు జనాలు 2003, 2004 లగ్గాల వీసీడీలు పట్టుకొచ్చి పెన్‌డ్రైవ్‌ల ఏసియ్యి అంటున్నరు ఇప్పుడు, పిల్లలు ఇంటర్‌కు వచ్చిండ్రు, అమ్మానాయిన పెళ్లి చూస్తరట.

టేపు_తాత
ప్రీమియర్ సీఎస్4ల కెనాన్ 5డీ మార్క్2 కెమెరా ఫైళ్లకు మేము గీ పనే చేసినం. ఎంవోవీ అని ఉంటే క్విక్‌టైమ్ దిక్కు పోయి కుంటుతది, ఎంపీజీ అని పేరు మారిస్తే ప్రీమియర్ సొంత ఇంపోర్టర్ పట్టుకుని ఉరుకుతది. ఎవ్వలో చెప్తే నమ్మలే, చేసి చూసి నోరు తెరిచిన.

పరకాల_మిక్సింగ్
ఐఫోన్‌వి గూడ గట్ల పేరు మార్చి చూసిన ఇప్పుడే. ఏం లాభం లేదు.

కాజీపేట_జంక్షన్
కాదు. అండ్ల కూరే వేరు. హెచ్‌ఈవీసీ అంటే హెచ్.265, ఆ స్టాండర్డ్ వచ్చిందే 2013ల. నీ సీఎస్6 2012ల వచ్చింది. పుట్టని పోరని పేరు దానికెట్ల తెలుస్తది? ఐఫోన్లు గిట్ల తీసుడు 2017ల ఐఓఎస్ 11 కాడికెళ్లి మొదలైంది. క్విక్‌టైమ్ కొత్తది ఏస్తే అయితదేమో అని ఆశ పెట్టుకోకు, విండోస్ క్విక్‌టైమ్‌ను యాపిల్ 2016లనే గాలికి వదిలేసింది.

భూపాలపల్లి_ఫ్రేమ్‌సర్వర్
ఎవ్వలు చెప్పకముందే నేను చెప్తున్న, కన్వర్ట్ లేకుంట నిజంగ ఎక్కిచ్చే తోవ ఒక్కటుంది. అవీసింత్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్. నోట్‌ప్యాడ్‌ల రెండు మూడు లైన్లు రాసి .ఏవీఎస్ అని సేవ్ చేస్తవ్, ఒక లైన్ల ఎఫ్‌ఎఫ్‌వీడియోసోర్స్ అని వీడియో ఫైలు పేరు, ఇంకో లైన్ల ఆడియోకు గదే, రెండు కలిపేటందుకు ఆడియోడబ్. తర్వాత ఏవీఎఫ్‌ఎస్ అనేదానితోని ఆ స్క్రిప్టును మౌంట్ చేస్తే, అంటే ఉత్తుత్తి ఫైలు లెక్క తగిలిస్తే, ప్రీమియర్‌కు అది పెద్ద ఏవీఐ ఫైలు లెక్క కనపడ్తది. వందల జీబీ అని చూపెడ్తది, భయపడకు, డిస్కుల ఏం ఉండది. ప్రీమియర్ ఏ ఫ్రేము అడిగితే అప్పటికప్పుడు విప్పి అది ఇస్తది, గంతే. స్క్రిప్టు సైజు ఒక్క కేబీ.

ముఖ్యం ఏందంటే ఎఫ్‌ఎఫ్‌వీడియోసోర్స్‌ల ఎఫ్‌పీఎస్ నంబర్ నువ్వే ఇయ్యొచ్చు, 25 అని ఇస్తే ఆ వేరియబుల్ లొల్లి అక్కడ్నే సదురుకుంటది, కొన్ని ఫ్రేములు వదిలేస్తది కొన్ని రెండుసార్లు ఇస్తది, మూతి సప్పుడు కలుస్తయ్. మొదటిసారి తెరిచినప్పుడు ఫైలంత సదివి పక్కన ఒక ఇండెక్స్ రాసుకుంటది, ఆగాలె. ఇంకోటి, అవీసింత్, దాని ప్లగిన్, ఏవీఎఫ్‌ఎస్ అన్నీ ఒకటే బిట్ ఉండాలె, ఒకటి 32 ఒకటి 64 పెడితే ఏ ఎర్రర్ లేకుంట ఉత్తగ కూసుంటది, నాకు రెండు రోజులు పోయినయ్ గా ఒక్కదానికే.

ఎడియస్_యాదన్న
ఫ్రేమ్ ఫ్రేమ్ అప్పటికప్పుడు విప్పుతదంటున్నవ్, ఎవ్వలు విప్పుతరు, ఆ రెండో జనరేషన్ ఐ5 ఏ కదా? 4కే హెచ్‌ఈవీసీ. ఇంటెల్ చిప్పులల్ల హెచ్‌ఈవీసీ విప్పే సామాను వచ్చిందే ఆరో జనరేషన్ల. ముసలి ఎద్దుకు ట్రాక్టర్ కట్టినట్టుంటది.

భూపాలపల్లి_ఫ్రేమ్‌సర్వర్
నాది నాలుగో జనరేషన్ ఐ7, నడుస్తుంది

ఎడియస్_యాదన్న
టైమ్‌లైన్ల లాగి చూసినవా, ఒక్క క్లిప్ పెట్టి చూసినవా?

భూపాలపల్లి_ఫ్రేమ్‌సర్వర్
1080 అయితే సాఫ్. 4కే అయితే... చేతుల పని ఉన్నోళ్లకు పనికి రాదు, ఒప్పుకుంట

మానేరు_మనోడు
వేరియబుల్ గురించి నేనొకటి. 2024 మేడారం జాతరల సమ్మక్క తల్లిని చిలుకలగుట్టకెళ్లి గద్దె మీదికి తెచ్చేటప్పుడు మా బామ్మర్ది ఫోన్ల తీసిండు, ఇరవై రెండు నిమిషాలు ఒకటే క్లిప్. డప్పులు మొదట్ల సక్కగ కలుస్తయ్, ఆఖరుకు వచ్చేసరికి కట్టె పడ్డంక రెండు సెకండ్లకు సప్పుడు. ఆడియో తీసి రేట్ స్ట్రెచ్‌తోని లాగి కలుపుదామని చూసిన. ఆఖర్ల కలుస్తది, నడుమల తప్పుతది. ఎందుకంటే తేడా సమానంగ పెరగదు, లైట్లున్న కాడ ఫోన్ 30 తీస్తది, చీకటైంది అనుకో 20కో 15కో పడిపోతది, మల్ల లేస్తది. ముక్కలు ముక్కలు కోసి కలిపిన ఆఖరుకు, తొమ్మిది ముక్కలు.

కాజీపేట_జంక్షన్
కరెక్ట్, పరకాల అప్పగింతలు గూడ రాత్రి పూటనే అయి ఉంటయ్. ప్రీమియర్‌కు వేరియబుల్ అర్థమైందే సీసీ 2018 వెర్షన్ల, అంతకు ముందువాటికి ఫ్రేమ్ అంటే గోడ గడియారం లెక్క ఒకటే నడక.

హుజురాబాద్_హెచ్‌డీ
నడుమల నాది గూడ చూడుండ్రి. ఫోన్ కాదు, మా సొంత ఎంటీఎస్‌లనే, జీలకర్ర బెల్లం కాడ మంత్రం నడుమ ఒక్క లిప్త సప్పుడు తెగుతది. కెమెరా ఖరాబైందనుకుని సర్వీస్‌కు ఇచ్చిన, ఏం లేదు అని పైసలు తీసుకుని తిరిగి ఇచ్చిండ్రు.

జమ్మికుంట_పాతబొమ్మ
కార్డుల కెళ్లి ఎట్ల కాపీ చేస్తవ్?

హుజురాబాద్_హెచ్‌డీ
స్ట్రీమ్ ఫోల్డర్ తెరిచి ఎంటీఎస్‌లు అన్ని పట్టి నా ఫోల్డర్ల ఏస్త

జమ్మికుంట_పాతబొమ్మ
గదే. కెమెరా పెద్ద రికార్డింగ్‌ను ఒకటే ఫైలుగ రాయది, కార్డు ఫ్యాట్32 ఫార్మాట్‌ల ఉంటే ఒక్క ఫైలు 4 జీబీ దాటొద్దు కాబట్టి ముక్కలు చేస్తది, కొన్నయితే 2 జీబీకే చేస్తయ్. నువ్వు ముక్కలు ఏరుకొచ్చి పక్కపక్కన పెడితే అతుకు కాడ ఆడియో కొంచెం తెగుతది. ప్రైవేట్ అని ఉన్న ఫోల్డర్ మొత్తం ఉన్నదున్నట్టు కాపీ చెయ్, ఫైల్ ఇంపోర్ట్ కాకుంట ప్రీమియర్ల మీడియా బ్రౌజర్ కెళ్లి తీస్కో, ముక్కలన్నీ ఒకటే క్లిప్ లెక్క కనపడ్తయ్. ఫోల్డర్ ఇప్పటికే పడేసినవంటే నల్ల కిటికీల కాపీ కమాండ్‌కు స్లాష్ బి పెట్టి ముక్కల నడుమ ప్లస్ గుర్తు పెట్టి ఒక్క ఎంటీఎస్ చేసుకో. వరుస తప్పితే తలువాలు అయినంక జీలకర్ర బెల్లం వస్తది, చూసుకో.

హుజురాబాద్_హెచ్‌డీ
నాలుగేండ్లకెళ్లి ఆ కాడ సన్నాయి సప్పుడు కప్పి నడిపిస్తున్న. సర్వీస్ పైసలు ఎవ్వలిస్తరు నాకు

సుబేదారి_క్యాండిడ్
అసలు పెన్‌డ్రైవ్ వచ్చేదాక ఎందుకు ఆగాలె. మేము లగ్గానికి ముందు రోజే ఇంటోళ్లకు చెప్తం. ఐఫోనోళ్లు సెట్టింగ్స్‌ల కెమెరా, అండ్ల ఫార్మాట్స్, మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకుంటే హెచ్.264 తీస్తది, 4కే 60 మాత్రం రాదు, 30 పెట్టుకోవాలె. హెచ్‌డీఆర్, అంటే వెలుగు రంగులు ఎక్కువ చేసి తీసే తీరు, బంద్ చెయ్యాలె, ఐఫోన్ 12 కాడికెళ్లి అది మొదట్నుంచే ఆన్ ఉంటది, పాత సాఫ్ట్‌వేర్ల పడ్డంక పెళ్లిపిల్ల పసుపు చీర తెల్లగ సున్నమేసినట్టు కనపడ్తది. సామ్‌సంగ్‌ల హై ఎఫిషియెన్సీ వీడియో అని ఉంటది, ఆఫ్. వాట్సాప్‌ల పంపితే డాక్యుమెంట్ లెక్క పంపాలె, వీడియో లెక్క పంపితే దాన్ని పిండి పిప్పి చేస్తది.

పరకాల_మిక్సింగ్
మాకు ముందు రోజు మాట్లాడే టైం ఏడిది అన్నా, మైలపోలు కాడ కెమెరా పట్టుకుని ఉరుకుతం. తీసినోళ్లు ఎవ్వలో గూడ తెల్వది, ఒకాయన దుబాయ్ పోయిండు మల్ల.

సుబేదారి_క్యాండిడ్
పిల్ల తమ్ముని ఫోన్ల ఒరిజినళ్లు ఉంటే ఒకటి చెయ్. సెట్టింగ్స్‌ల ఫొటోస్ (కొత్త ఐఓఎస్ అయితే యాప్స్ లోపల ఉంటది), కింద ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ, ఆటోమేటిక్ పెట్టి కేబుల్‌తోని కాపీ చేస్తే ఫోనే హెచ్.264 చేసి ఇస్తది. కన్వర్ట్ ఫోన్ చేస్తది, నీ మెషిన్ మీద భారం లేదు.

నర్సంపేట_రీల్స్
అట్ల చేస్తే నాకు సగంల డివైజ్ పని చేస్తలేదు అని ఎర్రర్ వచ్చి ఆగుతది ప్రతిసారి

సుబేదారి_క్యాండిడ్
వస్తది, పెద్ద క్లిప్పులకు ఎక్కువ వస్తది. ఐదైదు చొప్పున కాపీ చెయ్. అయినా రాకపోతే కీప్ ఒరిజినల్స్ పెట్టుకుని నీ ఏడుపు నువ్వు ఏడ్వాలె.

ఎడియస్_యాదన్న
నేను చెప్పేది ఇను పరకాల. 46 క్లిప్పులు ఎక్కిస్తనంటున్నవ్, పెళ్లి సినిమాల ఎన్ని పడ్తయ్? అన్నీ మీ కెమెరా తీసినయే ఎనకకెళ్లి తీసినయి ఉంటయ్, సగంల ఎవ్వలిదో బొటనవేలు ఉంటది. ముందు వీఎల్‌సీల చూసి ఏరు. ఏరిన వాటినే మంచి ఎడిటింగ్ కోడెక్‌లకు మార్చు. నేనయితే కానోపస్ హెచ్‌క్యూఎక్స్ చేస్త, నీకయితే డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ 120, ఎంఎక్స్‌ఎఫ్ డబ్బాల, సీఎస్6 దాన్ని కళ్లకద్దుకుని తీసుకుంటది. గంటకు 54 జీబీ దాక తింటది గని టైమ్‌లైన్ వెన్న లెక్క నడుస్తది, ఎందుకంటే ప్రతి ఫ్రేము దానికదే పూర్తిగ ఉంటది, హెచ్.264, 265లల్ల ఒక ఫ్రేము విప్పాల్నంటే దాని చుట్టుపక్కలోళ్లందర్ని లేపాలె. కన్వర్ట్ అంటే పాపం కాదు. నువ్వు వాడిన కన్వర్టర్ పాపం.

కాజీపేట_జంక్షన్
యాదన్నతోని ఒప్పుకునుడు నాకిష్టం లేదు గని 4కే హెచ్‌ఈవీసీకి గదే దారి. ఎంకేవీకి మాత్రం కన్వర్ట్ వద్దు.

పరకాల_మిక్సింగ్
మూడు రోజులకు వచ్చిన, ఆలస్యమైంది.

ఎంకేవీ: కాజీపేట అన్న చెప్పినట్టు నల్ల కిటికీల కొట్టిన. రెండుసార్లు తప్పు కొట్టిన, ఫైలు పేర్ల జాగలుంటే కోట్స్‌ల పెట్టాల్నట, మూడోసారి పోయింది. ఛాయ్ తెచ్చుకునేలోపల అయిపోయింది, సీదా ఎక్కింది.

ఆండ్రాయిడ్: ఇరవైల మూడే పనికొచ్చినయ్, అప్పగింతలది తప్పదు. భూపాలపల్లి అన్న అవీసింత్ పెట్టిన, నాకు గూడ 32, 64 కాడ ఒక సాయంత్రం పోయింది. మౌంట్ అయినంక చూస్తే ఒక్కొక్కటి 40 జీబీ అని చూపెట్టింది, గుండె ఆగింది. టైమ్‌లైన్ల కొంచెం ఆగి ఆగి నడిచింది గని మూతి, ఏడ్పు కలిసినయ్. వాళ్లమ్మ కొంగు నోట్ల కుక్కుకుని నిలవడ్డది ఉంది అండ్ల, మా కెమెరాల లేదు అది, మేము పిల్ల దిక్కే పెట్టినం.

ఐఫోన్: అవీసింత్‌ల ఒకటి పెట్టి చూసిన, ఫ్రేమ్‌కు ఫ్రేమ్‌కు నడుమ బీడీ తాగొచ్చు. యాదన్న మాట ఇన్న. వీఎల్‌సీల గూడ నత్త లెక్కనే నడిచినయ్, పిల్ల తమ్ముని కూసోవెట్టి ఆయన ఫోన్లనే ఏరిపించిన, తొమ్మిది తేలినయ్, మొత్తం పదకొండు నిమిషాలు. డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ చేస్తే పది జీబీ. రంగు మాత్రం సున్నమే, హెచ్‌డీఆర్ ఉన్నట్టుంది, చేత్తోని దిద్దిన, మూడింటి మీద ఇంకా అనుమానమే.

డ్రోన్‌వి ప్లేబ్యాక్ రిజల్యూషన్ పావు వంతుకు దించి కోసిన, నడిచింది.

ఎడియస్_యాదన్న
రాసిపెట్టుకో కాజీపేటా, ప్రీమియరాయన నా మాట ఇన్నడు

కాజీపేట_జంక్షన్
తొమ్మిది క్లిప్పులకే

టేపు_తాత
తల్లి కొంగు షాట్ ఎంత సేపు పెట్టినవ్ బిడ్డా? పాట మీద పెట్టినవా ఉత్తగ పెట్టినవా?

పరకాల_మిక్సింగ్
పాట బంద్ చేసి ఉత్తగ పెట్టిన తాతా, పద్నాలుగు సెకండ్లు. కోయబుద్ధి కాలే.

టేపు_తాత
మంచి పని చేసినవ్

పరకాల_మిక్సింగ్
ఇంకో తిప్పలు. ఫైనల్ చేసి పెన్‌డ్రైవ్ ఇచ్చిన, పిల్ల నాయిన ఫోన్ చేసిండు, వాళ్ల టీవీ పెన్‌డ్రైవ్‌నే గుర్తు పడ్తలేదట. పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ చేసి ఇచ్చిన, ఫైలు 11 జీబీ ఉంది మరి.

జమ్మికుంట_పాతబొమ్మ
పాత టీవీ అయి ఉంటది. ఫ్యాట్32 చేసియ్యి

పరకాల_మిక్సింగ్
ఫ్యాట్32ల 4 జీబీ దాటొద్దు గద

హుజురాబాద్_హెచ్‌డీ
ముక్కలు చెయ్. జీలకర్ర బెల్లం కాడ మాత్రం తెంపకు